అర సెకను దయ

ఆ ఊరి ఈతకొలనులో పిల్లలకి ఈత నేర్పే పెద్దమనిషిని అందరూ మాస్టారు అనేవారు. భార్య కూడా అలాగే పిలిచేది, కాకపోతే ఆవిడ పిలుపులో కాస్త ఎత్తిపొడుపు ఉండేది. మనిషి పొట్టి, భుజాలు వెడల్పు. నెత్తిమీద జుట్టు పోవడానికి నీళ్ళలో కలిపే మందే కారణమని ఆయన వాదన. ఆయన తండ్రి తల చూసినవాళ్ళు ఆ వాదనకి నవ్వి ఊరుకునేవారు. మెడలో ఈల, కుడిచేతిలో స్టాప్‌వాచీ, కాళ్ళకి ఎప్పుడూ తడిసి ఉండే రబ్బరు చెప్పులు. పెళ్ళిళ్ళకి కూడా ఆ చెప్పులతోనే బయల్దేరబోతే భార్య గుమ్మంలో ఆపి మార్పించేది.

కొలను పాతది. నీలం పలకలు ఊడినచోట సిమెంటు పూసి, ఆ పూతకి మళ్ళీ నీలం రంగు వేస్తే, అది కాస్తా వెలిసిపోయింది. బట్టలు మార్చుకునే గదుల్లో తడి తువ్వాళ్ళ వాసన ఏ కాలంలోనూ పోదు. గోడమీద ఒకప్పుడు పెద్ద గడియారం తిరిగేది. ఈదేవాళ్ళు తలెత్తి తమ టైం తామే చూసుకునేవారు. అది ఆగిపోయి చాలా కాలమైంది. బాగు చేయించమని మాస్టారు పైవాళ్ళకి అర్జీ పెట్టారు. వాళ్ళు ముందు ఆ అర్జీని బాగుచేస్తున్నట్టున్నారు, గడియారం దాకా ఇంకా రాలేదు. అందుచేత ఆ కొలనులో టైం అంటే మాస్టారి నోట వచ్చిందే టైం. ఊళ్ళో జరిగే చిన్నాచితకా పోటీలకి కూడా వాచీ పట్టేది ఆయనే. ఆయన మాట మీద ఎవరికీ ఏనాడూ అనుమానం రాలేదు.

కుర్రతనంలో ఆయనా పోటీలకి ఈదినవాడే. అప్పటి కోచ్‌కి తిట్టు తప్ప వేరే విద్య రాదు. "నీకన్నా నా చెప్పు బాగా తేలుతుందిరా" అనేవాడు నలుగురిలో. అలా అనిపించుకుంటూనే మాస్టారు రెండు పతకాలు తెచ్చారు. ఆ తర్వాత నీళ్ళంటేనే ఒళ్ళుమండి, కొన్నేళ్ళపాటు స్నానానికి తప్ప నీళ్ళ జోలికి పోలేదు. మళ్ళీ పొట్టకూటికి ఆ నీళ్ళ దగ్గరికే వచ్చారు. వచ్చి ఏం చేశారయ్యా అంటే, ఆ పాత కోచ్ తిట్లన్నీ వరస తప్పకుండా పిల్లల మీద దింపారు. పిల్లలు ఒక్కొక్కరే మానేస్తుంటే "ఈ కాలం పిల్లలకి పట్టుదల లేదు" అని సరిపెట్టుకున్నారు. మన చేతకానితనానికి కాలాన్ని తిట్టుకోవడం అందరూ చేసే పనే, ఆయన్ని ఒక్కడినీ అని లాభం లేదు.

ఆయన మారింది కోచ్‌ల తరగతుల్లో. ఆటల మనస్తత్వం చదువుకున్న ఒక డాక్టరమ్మని పైవాళ్ళు పిలిపించారు. సన్నగా, చిన్న వయసు మనిషి. గదినిండా ప్లాస్టిక్ కుర్చీలు, వాటిలో ఇరుక్కుని కూర్చున్న కండల మనుషులు. ఈవిడ మనకేం చెబుతుందిలే అన్న ముఖాలే అందరివీ. మాస్టారిదీ అదే ముఖం, మొదటి పూటంతా.

"పిల్లలు ఆడటానికి రెండు రకాల ఊపులుంటాయండీ" అంది డాక్టరమ్మ. "నీళ్ళంటే ఇష్టమై దూకితే అది లోపలి ఊపు. కప్పు కోసమో, మీరు తిడతారనో దూకితే అది బయటి ఊపు. బయటిది ఎక్కువైతే లోపలిది ఆరిపోతుంది. సరదాగా బొమ్మలేసుకునే పిల్లకి బొమ్మకో పిప్పరమెంటు బిళ్ళ ఇవ్వడం మొదలుపెట్టండి. బిళ్ళలు ఆపిన రోజున బొమ్మలూ ఆపేస్తుంది."

వెనక వరుసలో బరువులెత్తించే కోచ్ గట్టిగా ఆవులించాడు. మాస్టారికి మాత్రం తన రెండు పతకాలూ, నీళ్ళంటే ఒళ్ళుమండిన ఆ ఏళ్ళూ గుర్తొచ్చి, కుర్చీలో సర్దుకు కూర్చున్నారు.

మర్నాడు ఆవిడ ఓటమి గురించి చెప్పింది. "ఓడిన పిల్ల దానికి ఏ కారణం చెప్పుకుంటుందో చెవి పెట్టి వినండి. సరిగ్గా సాధన చెయ్యలేదు అందంటే భయం లేదు, రేపు చేస్తుంది. ఇవాళ నీళ్ళు మరీ చల్లగా ఉన్నాయి అన్నా పర్వాలేదు. 'నేనింతే, నా వల్ల కాదు' అందనుకోండి, ఆ పిల్ల మీ చేతుల్లోంచి జారిపోయినట్టే." ఆ మాటతో మాస్టారికి మానేసిన పిల్లలందరూ వరుసగా కళ్ళముందు నిలబడ్డారు. వాళ్ళందరికీ 'నువ్వింతే' అని ముందుగా చెప్పింది తనేనని అప్పుడు తట్టింది.

చివరిరోజు నమ్మకం గురించి. నేను చెయ్యగలను అన్న నమ్మకం మనిషికి ఎక్కణ్ణించి వస్తుంది? నమ్మినవాళ్ళు చెబితే వస్తుంది. తనలాంటివాళ్ళు చేస్తుంటే చూసి వస్తుంది. తన ఒళ్ళు తనకి చెబితే వస్తుంది. అన్నిటికన్నా గట్టిది, తను ఒకసారి చేసి ఉండటం. చిన్నదైనా సరే, ఒక గెలుపు రుచి చూసిన పిల్ల తర్వాతి గెలుపుకి తనే దారి వేసుకుంటుంది. ఇదంతా విని మాస్టారు చిన్నపిల్లాడిలా చెయ్యెత్తారు.

"అమ్మా, ఎంత కష్టపడినా ఆ చిన్న గెలుపు కూడా రాకపోతే?"

"గమ్యాన్ని ఇంకాస్త దగ్గర పెట్టండి సార్. నిజంగా అందుకోనివ్వండి. అందుకోకుండా అందుకున్నావని మాత్రం చెప్పకండి."

మాస్టారు తలూపారు. ఆ తల ఊపిన మనిషే తర్వాత ఆ పని చేశాడంటే, వినడం వేరు, చెవికెక్కడం వేరు అనుకోవాలి. ఇంటికొచ్చి భార్యకి మూడురోజుల పాఠమూ ఒప్పజెప్పారు. చివరి ముక్క తప్ప అన్నీ చెప్పారు.

కొలనులో తిట్లు ఆగిపోయాయి. పిల్లల తల్లిదండ్రులు మాస్టారికి ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారు.

ఇక బుడగ సంగతి. బుడగ ఆయన అక్క కూతురు. పసితనంలో నీళ్ళలోకి వదిలితే మనిషి కనపడేది కాదు, పైకి బుడగలు మాత్రం వచ్చేవి. పేరు అలా వచ్చి అతుక్కుపోయింది. తండ్రి లేని పిల్ల. తల్లి బేకరీలో పిండి కలిపే పని చేస్తుంది. ఊరు లేవకముందే వెళ్ళి, పొద్దుపోయాక ఒళ్ళంతా పిండితో తిరిగొస్తుంది. బుడగ బడి వదలగానే సంచీ ఎక్కడో పడేసి నీళ్ళలో పడేది. ఎవరూ దూకమని చెప్పనక్కర్లేదు, బయటికి రమ్మని మాత్రం బతిమాలాలి. డాక్టరమ్మ చెప్పిన లోపలి ఊపు అంటే ఏమిటో మాస్టారు ఆ పిల్లలో కళ్ళారా చూశారు.

పెద్ద శిక్షణ కేంద్రంలో చేరాలంటే ఎంపిక పోటీలో వంద మీటర్లు ఒక నిమిషం ఆరు సెకన్లలోపు ఈదాలి. చేరితే చదువూ, తిండీ, మంచి కోచ్‌లూ అన్నీ వాళ్ళవే. తల్లి ఆశ అదే, కూతురి కలా అదే. బుడగ ఒక నిమిషం పది దగ్గర ఆగిపోయింది. ఎండలు పోయి వానలొచ్చాయి, వానలు పోయాయి, ఆ పది అలాగే ఉంది. పిల్ల నవ్వడం తగ్గించింది. ఈది వచ్చి గోడ పట్టుకుని "ఎంత?" అని అడిగే గొంతులో ముందే జవాబు తెలిసిన నీరసం ఉండేది.

"మామయ్యా, నా వల్ల కాదేమో" అంది ఒకరోజు, కాళ్ళు నీళ్ళలో వేలాడేసి. "అమ్మతో ఎలా చెప్పాలో తెలీక ఆగుతున్నా."

మాస్టారు వాచీని సున్నాకి తెచ్చారు. "పిచ్చిమాటలు ఆపు. ఇంకొక్కసారి దూకు, చూద్దాం."

ఆ సారి ఆయనకి దగ్గు వచ్చింది. ఇది మాత్రం ఆయన కావాలని చేసింది కాదు, నిజంగానే వచ్చింది. పిల్ల దూకాక అర సెకను ఆలస్యంగా బొటనవేలు మీట మీద పడింది. చివర్లో వాచీ చూస్తే ఒక నిమిషం తొమ్మిదిన్నర. చదివేశారు. బుడగ నీళ్ళలోంచి ఒక్క కేక పెట్టింది. ఆ ముఖం వెలిగిపోయింది. ఆగు అమ్మడూ, నాకు దగ్గొచ్చింది, ఇది లెక్కలోకి రాదు అని చెప్పడానికి ఆయన నోరు తెరిచారు కూడా. ఆ ముఖం చూసి మూసుకున్నారు.

మర్నాడు దగ్గు లేదు. బొటనవేలు మాత్రం ఆలస్యంగానే పడింది.

తను అబద్ధం చెప్పలేదని మాస్టారు తనకి తనే నచ్చజెప్పుకున్నారు. వాచీలో ఏముంటే అదే చదువుతున్నాను కదా అనుకున్నారు. ఆ వాచీకి అబద్ధం నేర్పుతున్నది ఎవరి వేలో మాత్రం ఆలోచించలేదు. ఇంతకీ ఆయన్ని నిలువునా ముంచిందేమిటంటే, ఆ పద్ధతి పనిచేసింది. బుడగకి హుషారు వచ్చింది, కడుపునిండా తింది, హాయిగా నిద్రపోయింది, మలుపు దగ్గర గోడని తన్నడంలో కసి వచ్చింది. నిజం టైం కూడా తగ్గసాగింది. నిజం తగ్గినకొద్దీ పైకి చెప్పేది ఇంకా తగ్గాలి, లేకపోతే పిల్లకి మళ్ళీ ఆగిపోయినట్టు అనిపిస్తుంది. దాంతో మొదట్లో అర సెకనుతో పోయేది సెకను అయింది, ఆపైన చెయ్యి గోడకి తగలక ముందే మీట నొక్కడమూ మొదలైంది. ఈ రెండు టైములూ ఎక్కడో ఒకచోట కలిసిపోతాయనీ, ఆ రోజున వేలు బుద్ధిగా ఉంటుందనీ ఆయన ఆశ. అసలు అంకె ఆయన తలలో ఉండేది, ఇంకెవరికీ తెలీదు.

మాస్టారి నోట ఒక నిమిషం ఐదు అని వచ్చిన రోజున కొలను చుట్టూ ఉన్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. బుడగ తడి ఒంటితోనే వచ్చి ఆయన్ని చుట్టేసుకుంది. సాయంత్రం అక్క వేడివేడి బన్నుల పళ్ళెం పట్టుకొచ్చి కొలను గేటు దగ్గరే అందరికీ పంచింది. "ఒరేయ్ తమ్ముడూ, దీనికి తండ్రి లేని లోటు నువ్వు తీర్చావురా" అని కళ్ళు తుడుచుకుంది. మాస్టారు ఒక బన్ను తీసుకున్నారు. కొరక్కుండా పక్కనున్న పిల్లాడికి ఇచ్చేశారు. ఆ రోజు పిల్ల నిజంగా ఈదింది ఒక నిమిషం ఏడున్నర.

ఇంటికి వెళ్ళి భార్యకి చెప్పేశారు. ఆవిడ ఇంట్లోనే ఆడవాళ్ళకి బట్టలు కుడుతుంది. చెబుతూ చెబుతూ ఆయన తెలివిగా ఆవిడనే సాక్ష్యానికి లాగారు.

"నువ్వు మాత్రం? నడుం కొలత తీసి నాలుగు వేళ్ళు తగ్గించి చెబుతావు కదా వాళ్ళకి."

"చెబుతా. వాళ్ళు సంతోషిస్తారు. కానీ గుడ్డ కత్తిరించేటప్పుడు అసలు కొలతకే కత్తిరిస్తా మాస్టారూ. నేను చెప్పిన కొలతకి కుడితే నలుగురిలో చిరిగేది ఎవరిది?" ఆవిడ మిషను ఆపి ఆయన వైపు తిరిగింది. "పోటీకి వెళ్ళేలోపల ఆ పిల్లకి చెప్పండి."

"చెబితే ధైర్యం పోతుంది కదే."

"ఎవరి ధైర్యం?"

పిల్లకి చెప్పాలని రోజూ అనుకుంటూనే మాస్టారు పోటీ రోజు దాకా వచ్చేశారు. పెద్ద కొలను, పక్కన వేరే ఈతగాళ్ళు, జనం, ఆ ఊపులో మిగతా ఆ కొంచెం అదే తగ్గిపోతుందని తనకి తనే ధైర్యం చెప్పుకున్నారు. మనిషి తప్పు ఒప్పుకోవడం కన్నా అద్భుతాలు జరుగుతాయని నమ్మడమే సుఖం.

ఎంపిక పోటీ జరిగే కొలను కొత్తది, నీళ్ళు అడుగు దాకా కనిపిస్తాయి. అక్కడ వాచీలు పట్టుకున్న మాస్టార్లు ఎవరూ లేరు. గోడకి పలకలు బిగించి ఉంటాయి. చెయ్యి తగిలితే చాలు, పైన పెద్ద బోర్డు మీద అంకె దానంతటదే వెలుగుతుంది. ఆ పలకల్ని చూడగానే మాస్టారు వాచీ ఉన్న చేతిని జేబులో పెట్టుకున్నారు. బుడగ మాత్రం నవ్వుతోంది. "ఐదులోపే చేస్తా మామయ్యా, చూడు" అని టోపీ సర్దుకుంది.

అంత అందంగా ఆ పిల్ల ఈదడం ఆయన ఎన్నడూ చూడలేదు. భుజం నీళ్ళలోంచి లేచిన తీరు, మలుపు దగ్గర తన్నిన తన్ను, చివర్లో తల ఎత్తకుండా గోడ దాకా వెళ్ళడం, అన్నీ ఎన్నో ఏళ్ళుగా ఆయన చెబుతున్నవే, అన్నీ ఒక్కసారే కుదిరాయి. తనని తాను మరిచిపోయి లేచి నిలబడి అరిచారు. అంకె వెలిగింది. ఒక నిమిషం ఏడు సెకన్లకి పిసరు తక్కువ.

అది బుడగ జీవితంలో అన్నిటికన్నా మంచి ఈత. ఆ సంగతి అక్కడున్న అంతమందిలో ఒక్క మాస్టారికే తెలుసు. బుడగ బోర్డు కేసి చూసింది. వేరే వాళ్ళ అంకె అనుకున్నట్టుంది, పక్క వరసలన్నీ చూసి మళ్ళీ తన వరస చూసింది. గోడ పట్టుకుని అలాగే ఉండిపోయింది. తర్వాతి ఈతవాళ్ళు వచ్చి నిలబడితే ఎవరో చెయ్యిచ్చి పైకి లాగారు.

"సారీ మామయ్యా" అంది దగ్గరికొచ్చి. తల ఎత్తలేదు. "అందరి ముందూ నీ పరువు తీశాను."

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. చెప్పాల్సింది అప్పుడే. నోటిదాకా వచ్చింది కూడా. ఈలోగా పక్క ఊరి కోచ్ వచ్చి భుజం మీద చెయ్యేశాడు. "మీరు మాత్రం ఏం చేస్తారు మాస్టారూ. కొందరు పిల్లలు పెద్ద పోటీ అనగానే బిగుసుకుపోతారు. గుండె ఉండాలి."

"అంతే లెండి" అన్నారు మాస్టారు.

ఆ మాట అన్నాక ఆయన తనని తాను క్షమించుకోలేకపోయారు. దొంగ టైములన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్కమాటా ఒక ఎత్తు. ఎందుకంటే ఆ మాట పిల్ల విన్నది.

తిరుగు బస్సులో ఆయన ముందు సీట్లో, అక్కా బుడగా వెనక సీట్లో. అక్క దారంతా కూతుర్ని సాధించింది. "ఆ ముందు పూట ఏం తిన్నావో, ఎవరితో కబుర్లాడావో. వాడు ఇన్నాళ్ళు ఎండకీ వానకీ నిలబడి చెబితే, తీరా పోటీలో వాడి ముఖం ఇలా చేశావు." చివరికి బుడగ సన్నగా అంది, "అమ్మా, నేనింతే. ఇంట్లో పులిని. బయటికెళ్తే నా వల్ల కాదు. నాకిప్పుడు తెలిసింది."

మాస్టారు కిటికీ ఊచ పట్టుకుని కూర్చున్నారు. ఏ మాట వినపడితే పిల్ల చెయ్యి జారిపోయినట్టని డాక్టరమ్మ చెప్పిందో, అదే మాట. వెనక్కి తిరిగి ఒక్క వాక్యం చెబితే పోయేది. ఆయన మెడ తిరగలేదు. చేసిన తప్పుకి వేరొకరు తిట్లు తింటుంటే వింటూ కూర్చున్న మనిషికి సిగ్గు అనే మాట సరిపోదు. కానీ భాషలో అంతకన్నా పెద్దమాట లేదు.

బుడగ కొలనుకి రావడం మానేసింది. బడి వదలగానే బేకరీకి వెళ్ళి తల్లికి సాయం చేస్తోందని తెలిసింది. కొలను దగ్గర తల్లిదండ్రులు మాస్టారిని ఓదార్చారు. "మీరంత చేస్తే పిల్ల ఇలా చేసింది, పాపం" అని ఒకాయన ఆయనకి టీ కూడా ఇప్పించాడు. మాస్టారు ఆ టీ తాగారు. తాగి ఇంటికెళ్ళి, భార్య ముఖం చూడలేక వాకిట్లోనే కూర్చున్నారు. ఆవిడ ఏమీ అడగలేదు. అడిగినా బాగుండేది అనిపించింది ఆయనకి. తిట్టే మనుషుల దగ్గర కాస్త తలదాచుకోవచ్చు.

"రేపు వెళ్తా" అన్నారు ఆయనే.

"రేపెందుకు?" అంది ఆవిడ దారం కొరుకుతూ. "బేకరీ ఇంకా తెరిచే ఉంటుంది."

బేకరీ వెనక గది. పొయ్యి వేడికి గోడలు చెమటలు పట్టి ఉన్నాయి. ఇనుప రేకుల మీద రొట్టెలు వరసగా ఆరుతున్నాయి. అక్క బల్ల మీద పిండి పిసుకుతోంది, బుడగ ఆరిన రొట్టెలకి కాగితం చుడుతోంది. మామయ్యని చూడగానే లేచి నిలబడింది. స్టూలు మీది పిండి చేత్తో తుడిచి "కూర్చో మామయ్యా" అంది. ఆయన కూర్చోలేదు.

"అమ్మడూ, నీకొక సంగతి చెప్పాలి. మధ్యలో ఆపకు. ఆపితే మళ్ళీ చెప్పలేను."

చెప్పారు. దగ్గు సంగతి, వేలు సంగతి, గోడకి ముందే ఆపిన సంగతి. సాకులేవీ చెప్పకూడదని దారంతా అనుకుంటూ వచ్చారు. అయినా మధ్యలో ఒకసారి "నీ మంచికేనే" అని నోరు జారింది. అది తన చెవులకే అసహ్యంగా వినపడింది. అక్క చేతులు పిండిలో ఆగిపోయాయి.

బుడగ చుట్టుతున్న రొట్టెని కింద పెట్టింది. "ఎప్పట్నుంచి?"

"నువ్వు మానేస్తానన్న రోజు నుంచి."

"ఐదు వచ్చిన రోజు? అందరూ చప్పట్లు కొట్టారే, అమ్మ బన్నులు తెచ్చిందే, ఆ రోజు కూడానా?"

"ఆ రోజు కూడా."

ముందు మాట్లాడింది అక్క. తమ్ముణ్ణి చూసి కాదు, కూతుర్ని చూసి. "నేను నిన్ను తిట్టానే. రోజూ తిట్టాను." చేతికున్న పిండితోనే కళ్ళు తుడుచుకోబోయి ఆగింది. అప్పుడు తిరిగి తమ్ముడి కేసి చూసింది. చిన్నప్పుడు ఎన్నిసార్లు కొట్టిందో, అలా మాత్రం ఎప్పుడూ చూడలేదు.

"కానీ ఆ పోటీలో ఈదింది నీ బతుకులోనే గొప్ప ఈతే" అన్నారు మాస్టారు తొందరగా. "అది బోర్డు చెప్పింది, నేను కాదు. అంతకుముందు నువ్వెప్పుడూ ఏడు లోపలికి రాలేదు. అది ఓటమి కాదే."

"అంతకుముందు ఎంత ఈదానో చెప్పేది నువ్వే కదా" అంది బుడగ.

మాస్టారు మెడలోని ఈలని చొక్కా లోపలికి తోసుకున్నారు.

"నాకు నీళ్ళలో ఉండగానే తెలిసింది మామయ్యా" అంది ఆ పిల్ల. కోపంగా అనలేదు. కోపంగా అంటే ఆయన తట్టుకునేవారు. "ఇంత బాగా ఎప్పుడూ ఈదలేదని ఒళ్ళంతా తెలిసింది. గోడ తాకగానే వచ్చేసిందనే అనుకున్నా. తలెత్తి బోర్డు చూశా. అప్పట్నుంచి నా ఒళ్ళు నాకేం చెప్పినా నేను నమ్మట్లేదు. ఆకలేస్తోందన్నా నమ్మబుద్ధి కావట్లేదు."

మాస్టారు చేతులు రెండూ కట్టుకుని, తప్పు చేసిన బడిపిల్లాడిలా ఆ రొట్టెల మధ్య నిలబడ్డారు. ఆ పిల్లకి తన మీద తనకి నమ్మకం కలగాలనే ఆయన ఇదంతా చేసింది. చివరికి లాక్కున్నది కూడా దాన్నే. ఏడుపు వచ్చింది. ఏడిస్తే పిల్ల మళ్ళీ తననే ఓదార్చాల్సి వస్తుందని బిగబట్టుకున్నారు. ఆ గదిలో ఆయన చేసిన మంచిపని అదొక్కటే.

"వెళ్ళు మామయ్యా" అంది బుడగ. "ఇప్పుడు వెళ్ళు."

మరుసటివారం ఎవరూ రమ్మనకుండానే బుడగ కొలనుకి వచ్చింది. వెనకాల తల్లి. అక్క ఎన్నడూ ఆ గట్టు మీదికి వచ్చి నిలబడింది లేదు, తడికి జారతానని భయం. ఆ రోజు గోడ పట్టుకుని నెమ్మదిగా నడిచి వచ్చింది. పిల్లలూ, పిల్లల తల్లిదండ్రులూ అందరూ ఉన్నారు.

"వచ్చే ఏడు మళ్ళీ ఎంపిక ఉంది కదా" అంది బుడగ. "ఈత నువ్వే నేర్పు మామయ్యా. నీకు వచ్చినంతగా ఈ ఊళ్ళో ఎవరికీ రాదు. వాచీ మాత్రం అమ్మ పట్టుకుంటుంది."

చుట్టూ ఉన్నవాళ్ళకి అర్థం కాలేదు. వాచీ మాస్టారి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళ్ళడం వాళ్ళు ఏనాడూ చూడలేదు. అందరి చూపులూ ఆయన మీదే. మాస్టారు తాడు మణికట్టు నుంచి విప్పి వాచీని అక్క చేతిలో పెట్టారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"నాకేం తెలుస్తుందిరా ఇది? ఎలా చెయ్యాలో చెప్పు."

"పిల్ల కాళ్ళు గట్టు వదలగానే ఈ మీట నొక్కాలి అక్కా. చెయ్యి గోడకి తగలగానే మళ్ళీ నొక్కాలి. ఉన్నది ఉన్నట్టు చదవాలి."

బుడగ అప్పటికే గట్టుమీద వంగి నిలబడింది. అక్క మీట మీద బొటనవేలు ఆనించి, కళ్ళు కూతురి కాళ్ళ మీదే పెట్టి అడిగింది.

"ఇంతేనా?"

"ఇంతే అక్కా" అన్నారు మాస్టారు.